మీటరు మీద ఇరవై

మేడ మీద గది నుంచి

చిట్టీ,

నువ్వు బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను. బాగోకపోతే ఆ సంగతి కాస్త మెల్లిగా రాయి. ఒక్కసారిగా రాస్తే నా గుండె తట్టుకోదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మాట్లాడితే మీ అన్నయ్య సగం గోడ అవతలి నుంచి వింటారు, మిగతా సగం ఊహించుకుంటారు. అందుకని బట్టలు ఆరేసే వంకతో గది బయటి డాబా మీదికి వచ్చి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను వెలగబెట్టిన చదువు నీకు తెలియనిదా?

మైదానంలో జరిగింది నీకు తెలుసు. తెలిసినా మళ్ళీ రాస్తాను, రాస్తే కొంచెం బరువు దిగుతుంది. ఒకావిడ తన పాపని బండిలో కూర్చోబెట్టుకుని బెంచీ మీద ఉంది. మీ అన్నయ్య ఎగరేస్తున్న బ్యాటరీ బొమ్మ విమానం వచ్చి వచ్చి సరిగ్గా ఆ బండి పక్కనే నేలకి కొట్టుకుంది. విరిగిన ముక్క ఎగిరి ఆ తల్లి మోచెయ్యి గీరింది. పాపకి ఏమీ కాలేదు. కాని జానెడు ఇటు పడి ఉంటే? నేను అన్నం కలుపుకుంటున్నా ఆ జానెడే కనబడుతోంది.

మీ అన్నయ్యది ఒకటే మాట. ‘‘నా చేతిలో తప్పు లేదు. మోటారు మితిమీరి కరెంటు లాగింది. ఆ వేడికి విమానం లోపల మోటారుని తిప్పే కంట్రోలు పెట్టె దానంతటదే ఆగిపోయింది. రాయిలా పడింది.’’ విమానాల సంఘం వాళ్ళు కూడా, ‘‘అదేదో తేల్చుకుని, సరిచేసుకుని అప్పుడు రండి పెద్దాయనా’’ అన్నారట.

ఇక తేల్చడం మొదలైంది. మేడ మీద గదిలో అదే రకం కొత్త మోటారు బిగించిన విమానాన్ని బల్లకి బెల్టుతో కట్టేశారు. గాలి చప్పుడు కింది వాటా వాళ్ళకి వినబడకూడదని కిటికీలన్నీ మూయించారు. తలుపుకి గడియ. మోటారు తిప్పితే గదిలో కాగితం అన్నది నిలవదు, నా ముంగురులు కూడా నిలవవు. బట్టల క్లిప్పులా నోరు తెరిచే మీటరు ఒకటి తెచ్చారు. వైరుని దాని నోట్లో పెడితే చాలు, వైరు కొయ్యకుండానే ఎంత పారుతోందో అంకె చూపిస్తుంది. ఆ అంకె చదవడం నా పని. పీట మీద నేను, బల్ల మీద విమానం, ఇద్దరం కట్టేసినవాళ్ళమే.

కరెంటు ఎక్కువ లాగుతోంది, ఎక్కువ లాగుతోంది అంటుంటే ఇంటి బిల్లు ఎంత వస్తుందోనని లెక్కలు వేసుకుంటున్నాను. ఆ బ్యాటరీకి ఛార్జి ఎక్కించేటప్పుడు అంటుకుంటుందేమోనని ఇంకో భయం. ఎక్కినంతసేపూ నన్ను అక్కడే కాపలా కూర్చోమంటారు.

ఇంకొకటి. నువ్వు ఆయనతో అనకు. మొన్న టీ కప్పులో పొయ్యకుండా కప్పు పక్కన బల్ల మీద పోశారు. ‘‘కప్పు జరిగింది’’ అన్నారు. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన కళ్ళవి. కామా కింద దుమ్ము పడితే పట్టుకున్న మనిషి. నాకేదో భయంగా ఉంది.

ఉంటాను. బట్టలు ఎప్పుడో ఆరిపోయాయి.

నీ వదిన


కుట్టు దుకాణం నుంచి

వదినా,

నేను లక్షణంగా ఉన్నాను. నా మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. మెల్లిగానే రాశాను, చూడు.

బిల్లు గురించి బెంగ పడకు తల్లీ. ఆయన కొలిచే కరెంటు వేరు. బ్యాటరీలోంచి మోటారుకి ఎంత జోరుగా పారుతోందో అది. కుళాయి ఎంత తిప్పితే నీళ్ళు అంత దూకినట్టు. నా పక్క షెడ్డు మెకానిక్కుని అడిగి మరీ రాస్తున్నాను. ‘‘ముసలాయన విమానాలు ఎగరేస్తాడా, ఈ వయసులో!’’ అని వాడు నోరు తెరిచాడు. ‘‘మా వదినని ఎగరేస్తున్నాడు, విమానాన్ని కట్టేశాడు’’ అన్నాను.

అయినా ఎన్నేళ్ళ తర్వాత మీరిద్దరూ ఒకే గదిలో పొద్దస్తమానం కూర్చుంటున్నారో లెక్క వేసుకున్నావా? కొత్త పెళ్ళికూతురివై వచ్చినప్పుడు గౌను వేసుకున్న ఆడపడుచుని నేను మధ్యలో దూరేదాన్ని. ఇప్పుడు మీటరు దూరింది.

కళ్ళ సంగతి నువ్వు తవ్వకు. కప్పు జరిగిందన్నాడుగా, జరిగిందనుకో. మగవాళ్ళు ముసలితనాన్ని ఒక్కో గుండీ చొప్పున విప్పుకుంటారు. లాగావంటే చిరుగుతుంది.

నీ చిట్టి


మేడ మీద గది నుంచి

చిట్టీ,

ఇది చదివాక చింపెయ్యి. చింపిన ముక్కలు ఒకేచోట పడెయ్యకు.

నేనొక పని చేస్తున్నాను. చేస్తున్నాను అని ఎందుకంటున్నానంటే, ఆపడం చేతకావడం లేదు.

మొదటిరోజు మోటారు తిప్పకముందే ఆయన నోరు జారారు. ‘‘మీటరు ముప్ఫై లోపల చూపిస్తే దీనికి ఏ భయమూ లేదు. ఈ ఆదివారమే మైదానానికి వెళ్ళిపోవచ్చు’’ అని. తిప్పారు. మీటరు మీద ఇరవై ఉంది. ‘‘ఎంత?’’ అని అరిచారు. నా కళ్ళ ముందు ఆ పాప బండి కదిలింది. ‘‘నలభై’’ అన్నాను.

దిగులు పడతారనుకున్నాను. చప్పట్లు కొట్టారు చిట్టీ! ‘‘చూశావా, నేను చెప్పలేదూ? కొత్త మోటారు కూడా అలాగే లాగుతోంది. ఇది ఈ విమానం జబ్బు. నా తప్పు ఇసుమంతైనా లేదు!’’ అని పిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇరవై అని ఎలా చెప్పను? చెబితే ఆదివారం మైదానం. ఆ టీ పోసిన చేతులతోనే.

ఇంట్లో కట్టిపడేశాను, ఇక మర్చిపోతారు అనుకున్నాను. మర్చిపోవడం ఆయన జాతకంలో లేదు. జబ్బు తెలిసింది కదా, ఇక వైద్యం. ముక్కు దగ్గర తిరిగే రెక్క మారిస్తే కరెంటు తగ్గుతుందట. పెద్ద రెక్క తీసి చిన్నది, అది తీసి ఇంకా చిన్నది. ప్రతిసారీ ‘‘ఎంత?’’ ప్రతిసారీ నేను రెట్టింపు చెబుతున్నాను. ఎక్కాలన్నిటిలో నాకు తడబడకుండా వచ్చేది రెండో ఎక్కం ఒక్కటే. ఏదో ఒకటి చెప్పేస్తే నిన్నటి అబద్ధం ఇవాళ గుర్తుండదు. రెట్టింపయితే గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

నిన్న అన్నిటికన్నా చిన్న రెక్క పెట్టారు. మీటరు మీద పదహారు. ‘‘ముప్ఫై రెండు’’ అన్నాను. ఇంకా చిన్నది పెడితే విమానం లేవదట. అది నా అదృష్టం. లేకపోతే నా రెండో ఎక్కం ముప్ఫై దిగిపోయేది.

అబద్ధం ఆడితే ఆయన ఇంట్లో ఉంటారనుకున్నాను. నేను కూడా ఇంట్లోనే ఉంటానని తట్టలేదు. మార్కెట్టుకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. కూరలు కింది వాటావిడ తెచ్చి మెట్ల మీద పెడుతోంది. గడియ పడితే ఆ గదిలో నేనూ ఆయనా ఆ ఈదురుగాలీ. నేను లేని సమయంలో ఎవరితోనైనా చదివించుకుంటారేమోనని స్నానానికి వెళ్ళడానికి కూడా భయంగా ఉంది. మొన్న పాత గడియారాలు బాగుచేసే ఆయన వచ్చారు, విమానాల సంఘంలో మీ అన్నయ్య స్నేహితుడు. ‘‘నిద్రపోతున్నారండీ’’ అని గుమ్మంలోంచే పంపేశాను. లోపల మోటారు బుయ్యిమని మోగుతోంది. ‘‘గురక గట్టిదేనమ్మా’’ అని వెళ్ళిపోయారు. 

నేను చేసింది తప్పా చిట్టీ? తప్పని రాయకు. ఏం చెయ్యాలో రాయి.

నీ వదిన


కుట్టు దుకాణం నుంచి

వదినా,

చింపేశాను. చింపక ముందు మూడుసార్లు చదివాను.

నన్ను ఇందులోకి ఎందుకు లాగావు? నాకు చెప్పకుండా ఉంటే నా బతుకు నేను బతికేదాన్ని. ఇప్పుడు అన్నయ్య ఆదివారం ఫోన్ చేసి, ‘‘ముప్ఫై రెండే చిట్టీ, దగ్గరికి వచ్చేశాను’’ అని మురిసిపోతుంటే నేను ‘‘ఊఁ, ఊఁ’’ అంటూ సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కలేదు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నా దగ్గర ఒకామె నడుము కొలత రెండంగుళాలు తగ్గించి చెప్పేది. కుట్టాక పట్టేది కాదు. తిట్లు నాకు పడేవి, నా టేపుని కూడా తిట్టేది. అన్నయ్య తెలివితక్కువవాడు కాదు. ఇంత చిన్న రెక్క అంత ఎందుకు లాగుతుందని ఇవాళ కాకపోతే రేపు అడుగుతాడు. అప్పుడు నిన్ను అనుమానించడు. మీటరుని అనుమానిస్తాడు. అప్పుడు చూడు తమాషా.

నువ్వే చెప్పెయ్యి. కళ్ళ సంగతి కూడా నువ్వే ఎత్తు. పోయిన ఉత్తరంలో తవ్వకు అన్నాను. ఇప్పుడు తవ్వమంటున్నాను. ఎందుకు మాట మార్చానని అడక్కు.

చిట్టి


మేడ మీద గది నుంచి

చిట్టీ,

నీ నోటి మహిమ. మీటరుని అనుమానించారు.

నిన్న పొద్దున్న మోటారు ఆపేసి ఆ చిన్న రెక్కని వేళ్ళతో పదే పదే కొలుచుకున్నారు. నా పై ప్రాణం పైనే పోయింది. తర్వాత, ‘‘లెక్క ప్రకారం ఈ రెక్కకి ముప్ఫై రెండు రావడానికి వీల్లేదే. ఈ మీటరు అబద్ధాలాడుతోంది’’ అన్నారు. నా వైపు చూడనైనా లేదు. మీటరుని చేతిలోకి తీసుకుని, తప్పు చేసిన పిల్లని అడిగినట్టు ‘‘ఏమే, నిజం చెప్పవా?’’ అన్నారు. దాని బదులు నేను బిక్కచచ్చిపోయాను.

ఇప్పుడు మీటరుకి పరీక్ష పెడతారట. కారు ముందు వెలిగే దీపం ఒకటి సంపాదించారు. దాన్ని బ్యాటరీకి తగిలించి, దాని వైరు మీటరు నోట్లో పెడతారు. ‘‘ఈ దీపం ఎంత లాగాలో నాకు తెలుసు. నీకు తెలియదు. మీటరుకీ తెలియదు. కాబట్టి ఎవరూ అబద్ధం ఆడలేరు’’ అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో నా మీద ఏమన్నా ఉందా అని రాత్రంతా దొర్లాను.

నా గతి ఆలోచించు. కనబడింది కనబడినట్టు చెబితే మీటరు మంచిదని తేలుతుంది. అప్పుడు నలభై కూడా నిజమే అవుతుంది, విమానం మూలన పడుతుంది, కాని లెక్క కుదరక ఇక నన్నే అనుమానిస్తారు. రెట్టింపు చెబితే మీటరు చెడ్డదని తేలుతుంది. అప్పుడు ఏమవుతుంది? కొత్త మీటరు కొంటారా? ఆ గడియారాలాయన్ని పిలుస్తారా? నాకు ఒక్క అబద్ధం చెప్పడం వచ్చు గాని, దాని మీద ఇంకోటి ఏది పేర్చాలో తెలియడం లేదు.

నీ పక్క షెడ్డు మెకానిక్కుని అడుగు. కారు దీపానికి ఎంత వస్తుంది? నేను ఎంత చెప్పాలి? వెంటనే రాయి. ఏవో వైర్లు అతికించడానికి ఆయనకి రెండు మూడు రోజులు పడుతుందట, ఆపైన కూడా జాప్యం చేద్దామని చీటికీ మాటికీ ‘‘నడుము పట్టేసింది’’ అంటున్నాను. చెప్పి చెప్పి నిజంగానే పట్టేసింది.

నీ వదిన


కుట్టు దుకాణం నుంచి

వదినా,

అయిదు వస్తుందట. కాస్త అటూ ఇటూ. నువ్వు చూసిందే చెప్పు, అయిదైతే అయిదు. ఇక ఎక్కం చదవకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

రాయకూడదనుకున్నది రాస్తున్నాను. అన్నయ్యకి కళ్ళు నడిమధ్యలో పోతున్నాయి. చుట్టుపక్కల కనబడుతుంది, సూటిగా చూసింది కనబడదు. మైదానంలో ఆ గొడవ జరగడానికి చాలా ముందే డాక్టరు చెప్పాడు, అద్దాలతో పోయేది కాదని. కూడా వెళ్ళింది నేనే. ఎవరిదో పెళ్ళికి బట్టలు కొనాలని నన్ను రమ్మన్నాడని చెప్పాను చూడు, ఆ రోజు. ‘‘మీ వదినకి చెప్పకు, ఆవిడ భయంతోనే పోతుంది’’ అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

నువ్వు ఆయన దగ్గర దాస్తావు. ఆయన నీ దగ్గర దాస్తాడు. ఇద్దరూ దాచేది ఒకటే, కూర్చునేది ఒకే గదిలో, గడియ వేసుకుని. మధ్యలో నేను ఇటువైపు నిలబడి రెండు తలుపులకీ తాళంచేతులు పట్టుకుని చస్తున్నాను. ఇదిగో, నీ తలుపుది నీకిచ్చేశాను.

తిట్టుకో. కాని మాట్లాడు.

చిట్టి


ముందు గది నుంచి

చిట్టీ,

నీ ఉత్తరం దీపం వెలిగాక వచ్చింది. ముందే వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు. తిడదామనే కూర్చున్నాను. అన్ని నెలలు! నా ఎదురుగా కూర్చుని నా జాకెట్టుకి కొలతలు తీసుకుంటూ కూడా నోరు మెదపలేదే నువ్వు! సరేలే. ఆ తిట్లు నీకు ఎదురుపడినప్పుడు తిడతాను. ముందు జరిగింది విను.

దీపం భగ్గున వెలిగింది. మూసిన గదిలో ఆ వెలుగు చూడలేకపోయాను. మీటరు మీద అయిదు ఉంది. ‘‘ఎంత?’’ అన్నారు. అరవలేదు, మోటారు చప్పుడు లేదుగా, మామూలుగానే అన్నారు. అంత మెల్లిగా అడిగితే నాకు ఇంకా భయం వేసింది. ఇన్నాళ్ళ అలవాటు, నోరు నా మాట వినలేదు. ‘‘పది’’ అన్నాను.

‘‘పదా?’’

‘‘పదే.’’

దీపం ఆర్పేశారు. వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టుకున్నారు. ‘‘అయిదు రావాలి. అంటే ఇది రెట్టింపు చూపిస్తోంది. నలభై అంటే ఇరవై. ముప్ఫై రెండు అంటే పదహారు.’’ వింటున్నావా చిట్టీ? నేను మీటరు మీద చూసిన అంకెలు, ఏ రోజుకా రోజువి, ఒక్కటి తప్పకుండా ఆయన నోట్లోంచి వచ్చాయి. ఇక విమానం తీసుకుని మైదానానికి పరిగెడతారని, నేను లేచి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. నా చావుకి నేనే దారి వేశాను అనుకున్నాను.

ఆయన విమానం వైపు వెళ్ళలేదు. నా పీట మీద కూర్చున్నారు.

‘‘ఇరవైకి ఆ పెట్టె ఆగదు’’ అన్నారు.

నేను తలుపు వదిలి ఒక అడుగు ముందుకి వేశాను.

‘‘ఆ రోజు మోటారు ఆగలేదే. నేలకి తగిలేదాకా తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. విమానమే కనబడలేదు. వినబడింది గాని లేదు. ఆగిపోయి ఉంటే బాగుండునని ఎంతగా అనుకున్నానంటే, ఆగిపోయిందని నమ్మేశాను.’’

నేను వెళ్ళి పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఎప్పటి నుంచండీ అని అడిగాను. చెప్పారు. నువ్వు రాసిందే, కాని ఆయన చెబితే వేరే. ‘‘నీకేసి చూస్తే నీ రెండు చెవులూ కనబడతాయి. ముక్కు ఉండదు. ముఖం ఎక్కడో పెట్టి మర్చిపోయి వచ్చినట్టుంటావు’’ అన్నారు. ఏడవబోయి నవ్వాను. ఆ నవ్వులోనే నా మాట కూడా జారిపోయింది. రెట్టింపు సంగతి. మొదటి నలభై నుంచి ఇవాళ్టి పది దాకా.

అరుస్తారనుకున్నాను. మీటరుని చేత్తో తడిమి తీసుకుని దాని మూతి మీద దుమ్ము తుడిచారు. ‘‘పాపం, దీన్ని అనవసరంగా తిట్టాను. అయితే మీటరు మంచిదే. విమానమూ మంచిదే. ఇక ఈ గదిలో మిగిలింది మనిద్దరమే’’ అన్నారు.

రెండు రోజులు మోటారు ముట్టుకోలేదు. కోపమా అంటే కాదు. అన్నం పెడితే తిన్నారు, మంచినీళ్ళు అడిగి తీసుకున్నారు. కిటికీలు నేను తెరిస్తే వద్దనలేదు, కాని వాటి దగ్గరికి రాలేదు. గడియ తీసిన గదిలో కూడా మనిషి బందీగా ఉండగలడని నాకు అప్పుడు తెలిసింది. ఆ రెండు రోజులూ, బుద్ధి లేనిదాన్ని, ఆ మోటారు రొదే నయం అనిపించింది.

మూడో రోజు చొక్కా వేసుకుని, ‘‘పద, ఆ బండి అమ్మాయి ఇంటికి’’ అన్నారు. గడియారాలాయన్ని అడిగి ఇల్లు తెలుసుకున్నారట. మేడ మెట్లు దిగుతుంటే నా భుజం పట్టుకున్నారు, ఎప్పుడూ పట్టుకోని మనిషి. ‘‘ఇంకా ఎన్ని?’’ అన్నారు. ‘‘నాలుగు’’ అన్నాను. ఆగిపోయి, ‘‘నీ నాలుగా, నిజం నాలుగా?’’ అన్నారు. కింది వాటావిడ వింటోందని నేను పెదవి కొరుక్కున్నాను.

ఆవిడ తలుపు సగమే తీసింది. మోచెయ్యి మీద గీత ఇంకా తెల్లగా ఉంది. లోపల పాప ఏదో గిన్నె కొడుతోంది. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. రమ్మనాలని ఏముంది?

‘‘ఆ విమానం నాదమ్మా’’ అన్నారు మీ అన్నయ్య.

‘‘తెలుసు. మోటారు ఆగిపోయిందని చెప్పారుగా మీ వాళ్ళు’’ అంది.

‘‘ఆగలేదమ్మా. అదంతా బాగానే ఉంది, కొలిచి చూశాం. నాకే కనబడలేదు.’’

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆవిడ చెవి పక్కకి చూస్తున్నారు. ఆమెకి అర్థమైందనుకుంటాను, గొంతు కాస్త తగ్గింది. కాని అడగాల్సింది అడిగింది. తల్లి కదా, నేనైనా అడిగేదాన్ని.

‘‘మళ్ళీ ఎగరేస్తారా?’’

‘‘లేదమ్మా. ఇక లేదు.’’

ఆ ఒక్క మాట కోసమే కదా చిట్టీ, నేను ఇన్నాళ్ళూ ఇరవైని నలభై చేసింది. తీరా అది ఆయన నోటి నుంచి వచ్చాక, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ‘‘విననట్టు ఊరుకో తల్లీ, ఇంకొక్కసారి అడుగు’’ అని బతిమాలాలనిపించింది. ఆవిడ అప్పటికే తలుపు వేసేసుకుంది.

నీ వదిన